ఐదు రాజ్యాల సారు

జీవరాశిని ఐదు రాజ్యాలుగా పంచింది సాక్షాత్తూ మా చెంచురామయ్య సారే. పుస్తకం అట్ట మీద ఇంకొకరి పేరుండటం అచ్చుతప్పు.

తొంభై రెండులో, భద్రాచలంలో మా డిగ్రీ వైవా. మా క్లాసు చాంది లోపలికి, సారు దగ్గరికెళ్లింది. ఈ వైవా తప్పితే ఆమె హాస్టల్ ఖాళీ చేసి తండాకు పోవాలి. తలుపు దగ్గర వరుసలో తర్వాతివాణ్ని నేను.

“జీవులు ఎన్ని రకాలమ్మా?”

“ఇప్పుడు మూడంటున్నరు సార్. బాక్టీరియా ఒకటి. వేడినీళ్ల బుగ్గలల్ల గూడ బతికే ఆర్కియా ఒకటి. మనం, చెట్లు, పుట్టగొడుగులు అన్నీ కలిపి ఒకటి.”

“నేనూ పుట్టగొడుగూ ఒకటా? ఎవరు చెప్పారు, మీ తండాలోనా?”

ఆ పోలికలో అవమానం పుట్టగొడుగుకేనని నా అభిప్రాయం.

“పత్రికల చదివిన సార్.”

ఆ పత్రిక పాల్వంచ నుంచి తెచ్చి, కొత్త లెక్క ఇదేనని ఆమెకు నేర్పింది నేను. నా పేరు ఆమె ఎత్తలేదు.

“ఫెయిల్. తర్వాత ఎవరు?”

నన్నూ అదే అడిగారు.

“ఐదు సార్,” అన్నాను.

బయట చాంది కాచుకుని ఉంది. “నువ్వు గూడ మూడే చెప్పినవా?”

“అవ్.”

“అయ్యో, నువ్వన్న ఐదని చెప్పి బయటపడకపోయినవా,” అంది.