చెయ్యి అడ్డం

పెళ్లి భోజనాలు బెల్టుల మీదికి ఎక్కాక మండపేటలో వడ్డించే మనుషులే లేరు. వడ్డించిన విస్తళ్లు జానెడు ఎడంతో వరసగా కదిలి వచ్చి ఒక్కో అతిథి ముందు ఆగుతాయి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చాలు, తినడం అయిపోయిందనుకుని బెల్టు దాన్ని లాక్కుపోతుంది.

పెళ్లికూతురి తల్లి సుభాషిణికి కాలు ఒకచోట నిలవడం లేదు. బల్ల మీదున్న నెయ్యి వేసుకోమని ఆమె అనగానే వియ్యంకుడు నరసింగరావుగారు మర్యాదకి "వద్దు, వద్దు" అంటూ చెయ్యి అడ్డం పెట్టారు. కలిపిన పప్పన్నంతో సహా విస్తరి వెళ్లిపోయింది. రెండోదీ అంతే. దిక్కుమాలిన బెల్టుకి మర్యాదలేం తెలుస్తాయి?

"సరేలేమ్మా, లేస్తాను," అన్నారాయన, మొహం మాడ్చుకుని.

"కూర్చోండి అన్నయ్యగారూ!"

సుభాషిణి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు ప్యాకింగు చేసిన మనిషి. మధ్యలో ఎడం లేకపోతే బెల్టు ఆగిపోతుందని ఆమెకి తెలుసు. మూడో విస్తరి రాగానే పక్క విస్తరిని నెట్టి దానికి ఆనించింది. బెల్టు కీచుమని ఆగింది. అది మళ్లీ కదిలేలోపే ఆమె నేతి గిన్నె అందుకుంది.

"వద్దమ్మా, వద్దు!" ఆయన మళ్లీ చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్లు మాత్రం ఎడంగా ఉంచారు.

సుభాషిణి ఆ సందుల్లోంచే ధారగా నెయ్యి పోసింది.