ఆరు గంటల జాబితా

ఉదయం తొమ్మిది పదికి లిఫ్టు మెకానిక్ చనిపోయాడు. ఎనిమిదింటికి ఆరంతస్తుల భవనం పైన కేబుల్‌కు గ్రీజు పెడుతూ కూలబడ్డాడు. తోటి పనివాళ్లు ఆసుపత్రికి మోసుకొచ్చేసరికే ఒళ్లు చల్లబడుతోంది. గుండె ఆగిందని డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో పొటాషియం పెరిగిపోవడం వల్ల ఆగిందని కాగితం మీద రాసింది. రాసి, నిన్న ఆయన ఏం తిన్నాడని భార్యను అడిగింది.

భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చింది. నడుముకు కట్టుకున్న ఏప్రన్ ఇంకా విప్పలేదు. అడిగినదానికి తడుముకోకుండా చెప్పింది. పొద్దున నారింజ రసం, నాలుగు ఖర్జూరాలు. మధ్యాహ్నం పాలకూర, చిక్కుడు గింజలు. సాయంత్రం అరటిపండు. రాత్రికి బీట్‌రూట్, మళ్లీ ఆకుకూర. ఏది ఎన్ని గ్రాములో కూడా చెప్పింది. పొయ్యి పక్కన చిన్న కాటా పెట్టుకుని అన్నీ తూచే వండుతుంది.

"ఎన్నాళ్లుగా?"

"మూడు నెలలు. ఒక్క పూట తప్పలేదు."

కిడ్నీలు పాడైనవాళ్లు దూరంగా ఉండాల్సినవే అవన్నీ అంది డాక్టరమ్మ. ఎవరి కిడ్నీలని భార్య అడిగింది. ఆయన ఎనిమిది నెలలుగా నడుంనొప్పి అంటూ ఈ ఆసుపత్రికి వస్తున్నాడని ఆమెకు తెలుసు. వచ్చింది నడుంనొప్పికి కాదని ఇప్పుడే తెలిసింది.

గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఆడబిడ్డ కళ్లు తుడుచుకుని దగ్గరకొచ్చింది.

"మా అన్నయ్యకి ఏం పెట్టావు వదినా?"

భార్య ఫోన్ చూపించింది. ఒంటికి తగ్గట్టు ఏం తినాలో, ఎంత తినాలో లెక్కగట్టి చెప్పే వెబ్‌సైటు అది. రోజూ ఉదయం ఆరింటికి జాబితా పంపుతుంది. దాన్ని ఆమె ఫోన్‌లో పెట్టింది మెకానిక్కే. డాక్టరు నన్ను ఇలాగే తినమందని చెప్పాడు. ఆమె నమ్మింది. మొదటి వారం కంచం చూసి, ఇక నా మెడలో గంట కట్టడమే తరువాయి అన్నాడట. అన్నాడే గాని ఒక్క ఆకు వదల్లేదు. ఆమె కూడా వడ్డించుకుని పక్కన కూర్చుంటే గాని ముద్ద ముట్టేవాడు కాదు.

తానలా చెప్పలేదంది డాక్టరమ్మ. తినకూడనివి ఏమిటో కాగితం మీద రాసి, చదివి వినిపించి, కింద ఆయన చేత సంతకం కూడా చేయించుకుందట.

ఆడబిడ్డ ఆ మాట చెవిన వేసుకోలేదు. మూడు నెలల్లో అన్నయ్య బెల్టుకు రెండు కొత్త చిల్లులు పడ్డాయంది. వండి పెట్టిన మనిషికి మాత్రం బుగ్గలొచ్చాయంది. అన్నయ్యకి ఆకులు ఉడకబెట్టి నువ్వేం తిన్నావని నిలదీసింది.

"అదే తిన్నాను. మా ఇంట్లో రెండు వంటలుండవమ్మా. మీ అన్నయ్య కంచంలో ఏది పడితే నా కంచంలోనూ అదే. నా ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం నాకెప్పుడూ చేతకాలేదు."

"నీకు అరిగింది. అన్నయ్యకి అరగలేదు."

భార్య బల్ల అంచు పట్టుకుంది. నేను పెట్టిందే ఆయన్ని తీసుకుపోయిందా అని డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ ఫోన్ వైపు చూసింది. వివరాలు నింపేటప్పుడు కిడ్నీ జబ్బు ఉందా అని ఆ వెబ్‌సైటు అడిగే ఉంటుందని, అక్కడ ఏమని నింపారని అడిగింది.

"నాకు తెలీదండి. అంతా ఆయనే నింపారు. ఆరింటికి వచ్చింది చదువుకోవడం, వండడం, అంతే నేను చేసింది."

ఆడబిడ్డ ఫోన్ లాక్కుంది. వివరాల పేజీ ఎక్కడుందో వెతికి పట్టుకుంది.

"లేదు అని పెట్టి ఉంది, చూడండి డాక్టరుగారూ. కిడ్నీ జబ్బు లేదట." వేలితో పేజీ పైకి జరిపింది. "ఇక్కడ చూడండి, మగ అని పెట్టాల్సిన చోట ఆడ అని నొక్కి ఉంది. ఎంత తొందరగా నింపాడో."

తరువాత వయసు. నలభై ఆరు. మెకానిక్‌కు యాభై మూడు. బరువు నలభై ఒక్క కిలోలు. ఆడబిడ్డ గొంతు తగ్గింది. హిమోగ్లోబిన్ ఏడు అన్న దగ్గర చదవడం ఆపేసింది.

డాక్టరమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. భార్యను వయసెంతని అడిగింది. నలభై ఆరని భార్య చెప్పింది. ఈ మధ్య రక్తపరీక్ష ఏమైనా చేయించుకున్నారా అని డాక్టరమ్మ అడిగింది.

"మూడు నెలల కిందట. లాండ్రీలో కళ్లు తిరిగి పడితే ఆయనే చేయించారు. నాకేం రోగమని ఊరుకున్నాను. ఆ కాగితం ఆయన దగ్గరే ఉండిపోయింది."

పేజీ చివర ఒక గడి ఉంది. ఇంకేమైనా చెప్పాలనుకుంటే అందులో రాయాలి. మెకానిక్ రెండు ముక్కలు రాశాడు. డాక్టరమ్మ వాటిని పైకి చదివింది.

"కొలతలు ఇద్దరికి ఇవ్వండి. నేను తినకపోతే తను వండుకోదు."