వంటింటి బాణం

"పీకెయ్యమంటే పీకవేమే వకుళా? నలభై ఏళ్ళుగా వండుతున్న వంటింటికి నాకు దారి చూపిస్తుందా నీ బోర్డు?" పొద్దున్నుంచీ అత్తగారు అందుకోవడం ఇది మూడోసారి.

వకుళ ఆస్పత్రులకు బోర్డులు రూపొందిస్తుంది. గోడలో కలిసిపోయి ఉండి, దారి మరిచిన మనిషి ఎదురైతేనే వెలిగే బోర్డులు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి. అత్తగారు ఈమధ్య పేర్లు మరిచిపోతున్నారని, ఇంటి పాత టేకు గుమ్మాలకు నప్పే రంగులో, ఆవిడ కంటికి ఆనేంత పెద్ద అక్షరాలతో నడవాలో ఒకటి పెట్టింది.

"రోజుకు నాలుగుసార్లు వెలుగుతోందమ్మా, ఒప్పుకోవేం?" అన్నాడు భర్త శేషాద్రి.

"నేను కుర్చీలోంచి లేవకపోయినా వెలుగుతోందిరా!"

శేషాద్రీ పిల్లలూ పకపకా నవ్వారు. వకుళ కాఫీ కలపడానికి లేచింది. నడవాలోకి వచ్చి, ఎటు వెళ్ళాలా అని ఒక్క క్షణం ఆగింది. గోడ మీద 'వంటిల్లు' అన్న అక్షరాలు, పక్కనే బాణం వెలిగాయి.

గిరుక్కున వెనక్కి తిరిగింది. అత్తగారు కుర్చీలోనే ఉన్నారు. నవ్వులు ఆగిపోయాయి. వకుళ మళ్ళీ బోర్డు వైపు చూసింది. ఆ బోర్డు పొరపాటు పడదని తనకన్నా బాగా ఎవరికి తెలుసు?

కాసేపటికి కాఫీలు తెచ్చి, అత్తగారికి ముందు అందించి, అందరికీ వినబడేలా అంది.

"బోర్డు ఉంటుంది. అక్షరాలు నా కంటికి సరిపడేలా మారుస్తాను. రేపు డాక్టరు దగ్గరికి నాకు తోడు మీరే రావాలి, అత్తయ్యా."