గుట్టకు ఫ్రెంచి పేరు

"గుట్టను బూటంటరా?" అన్నాడు బాలనర్సయ్య. "కాలికి తొడిగేదా సారూ?"

ఉద్యోగం కోసం వచ్చిన పార్థసారథి ఆయన్ని వదిలేసి, పక్కనున్న కార్యదర్శి నరసింహమూర్తి వైపు తిరిగాడు.

"బూటు కాదండి, బ్యూట్. ఫ్రెంచి మాట. ఇంటర్వ్యూలో ఇలాంటి వినోదం కూడా ఉంటుందని మీరు ముందే చెప్పాల్సింది."

నరసింహమూర్తి నవ్వు ఆపుకున్నాడు. అది డెబ్బై ఐదో సంవత్సరం. హఫీజ్‌పేట్ దగ్గర గుట్ట కింద కొత్తగా వేసిన రేకుల షెడ్డు. పెద్దవాళ్ళకు సాయంత్రం పూట మెట్రిక్ చెప్పే కాలేజీకి ఇంగ్లీషు లెక్చరర్ కావాలి. స్థలమిచ్చింది బాలనర్సయ్య, కమిటీ అధ్యక్షుడూ ఆయనే. ద్రాక్షతోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె నిండా మట్టి.

"కోపం జేయకు సారూ. మా గోడ కట్టే ఇంజినీరు గుట్టను బ్యూట్ అంటడు. గోడకు ఆనిచ్చి కట్టేదాన్ని బట్రెస్ అంటడు. రెండూ ఒక్క ఇంటియేనా అని అడుగుతున్న."

"బ్యూట్ అంటే దిబ్బ. బాణాలు వేసేవాళ్ళు గురి వెనక పోసుకునే మట్టిదిబ్బ నుంచి వచ్చిందంటారు. బట్రెస్ 'నెట్టడం' అనే మాట నుంచి పుట్టింది. రెంటికీ చుట్టరికం ఉందో లేదో పండితులే తేల్చలేదు, ఈయనకెందుకండి?"

"నూకేటిదా?" బాలనర్సయ్య ఆలోచనలో పడ్డాడు. "మరి నూకేటిది ఆసరా ఎట్లయితది?"

పార్థసారథి విసురుగా బల్ల మీది ఫైలు నిలబెట్టాడు. అది ఒరగబోతుంటే పెన్సిలు అడ్డం పెట్టి ఆపాడు.

"గోడ ఇటు పడబోతుంది. ఇది అటు నెడుతుంది. అందుకని పడదు. దీనికి ఎమ్మే అక్కర్లేదు, బుర్రుంటే చాలు."

"ఇంకోపారి చెప్తవా?"

చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా విరుస్తూ మళ్ళీ చెప్పాడు. "ఈపాటికి గేదెకైనా అర్థమయ్యేది," అన్నాడు నరసింహమూర్తితో, గొంతు తగ్గించకుండానే.

బాలనర్సయ్య ఆ పెన్సిలు తాను తీసుకొని ఫైలుకు ఆనించి చూశాడు. "జర బయట కూసో సారూ," అన్నాడు.

కాసేపటికి నరసింహమూర్తి బయటికొచ్చాడు. "కాస్త నోరు అదుపులో పెట్టుకోవాల్సిందండి."

"మట్టిబుర్రల్ని అధ్యక్షుల్ని చేస్తే ఇంతే," అన్నాడు పార్థసారథి. అన్నాడే గానీ షెడ్డు గుమ్మం వైపు తొంగిచూశాడు. నెల్లూరులో దొరికిన ఉద్యోగానికి రానని పొద్దునే ఉత్తరం వేసి వచ్చాడు.

బాలనర్సయ్య తలపాగా సర్దుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నన్ను జూసి నవ్వినోళ్ళు మస్తుమంది సారూ. నవ్వుకుంటనైనా అడిగింది చెప్పినోనివి నువ్వొక్కనివే. నౌకరీ నీదే."

పార్థసారథి జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయనతో మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు.

"పర్మనెంటే కదండీ?"

"అయితది సారూ, ఫికర్ జేయకు," అన్నాడు బాలనర్సయ్య. "ఈ యేడు నీ క్లాసుల నేనూ పేరు రాయించుకుంటున్న. నేను ఇంగ్లీషు పాసైన దినం, నీది పర్మనెంటు."