ఆరో మడి

"ఏడా! ఇరవై రెండుండాల్సిన చోట ఏడేమిటి?"

గడ్డి సారు పెట్టిన కేకకు పక్క మడిలో కలుపు తీస్తున్న భార్య ఉలిక్కిపడి లేచింది.

ఆఫీసులో అందరూ ఆయన్ని గడ్డి సారనే పిలుస్తారు, చాటుగా కాదు, ముఖం మీదే. పచ్చిక మైదానంలో పన్నెండు ప్రయోగపు మళ్ళు, పక్కనే రెండు గదుల క్వార్టరు, తొమ్మిదేళ్ళ టెంపరరీ ఉద్యోగం. ఇంతే ఆయన సంపాదన. మొదటి ఆరు మళ్ళలో పదహారేసి రకాల మొక్కలు, మిగిలిన ఆరింటిలో ఒకటే రకం గడ్డి. వాన తప్ప బయటి నీరు ఒక్క చుక్క కూడా ఏ మడిలోనూ పడకూడదు. ప్రతి శుక్రవారం పొద్దున మీటరు ముల్లు మట్టిలో గుచ్చి తేమ ఎంతుందో రిజిస్టరులో రాసుకోవాలి. ఒకటే గడ్డి ఉన్నచోట దుబ్బుల సందున నేల మాడి బీటలు తీస్తుంది. పదహారు రకాలు కలిసి ఉన్నచోట పొడుగువి నీడనిస్తాయి, రాలిన ఆకు నేలను కప్పుతుంది, ఎండాకాలంలోనూ మట్టిలో తడి ఆరదు. ఇదీ ఆయన వాదం. తొమ్మిదేళ్ళ అంకెలూ ఔననే అన్నాయి. ఈ పొద్దున ఆరో మడి ఒక్కటే అడ్డం తిరిగింది.

అదీ ఏ రోజున? పది గంటలకు కమిటీ వాళ్ళు ముగ్గురు వస్తున్నారు. లెక్కలు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే మైదానమంతా దున్నేసి పశువుల మేతకు ఒకటే గడ్డి వేస్తారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

ఆయన పరుగున వెళ్ళి అయిదో మడిలో ముల్లు గుచ్చాడు. ఇరవై రెండు. నాలుగో దాంట్లో ఇరవై మూడు. మళ్ళీ ఆరో దాంట్లో గుచ్చాడు. ఏడు.

"మీటరు భేషుగ్గా ఉంది. ఏం చేశావు ఈ మడిని?"

"నేనేం చెయ్యలేదండీ."

"కలుపనుకుని దేన్నో పీకేసి ఉంటావు! నా కొంప ముంచావు!"

"తొమ్మిదేళ్ళుగా పీకుతున్నాను, ఏది కలుపో ఏది కాదో నాకు తెలీదూ? రండి, లెక్కపెడదాం."

కలుపు తీయడానికి కూలీలను ఇవ్వమని ఆఫీసును అడిగి అడిగి ఆయన విసిగిపోతే, జీతం లేకుండా ఆ పనికి కుదిరింది ఆవిడే. మొక్కల అసలు పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ చూపించింది. "ఇది పిల్లిమీసం. ఇది బద్ధకిస్టు, పడుకునే ఉంటుంది. ఇది మా ఆడపడుచు, ముట్టుకుంటే గీరుతుంది..."

పదహారూ ఉన్నాయి. మామూలు రోజైతే ఆడపడుచు మాటకు నవ్వేవాడే. ఇప్పుడు గబగబా రిజిస్టరు తీసి రాశాడు. "కలుపు తీసేవారు పొరపాటున వేళ్ళు తెంపినందువల్ల ఆరో మడి చెడిపోయింది. లెక్కలోంచి తీసేయడమైనది."

"సంతకం పెట్టు" అన్నాడు.

"నేను తెంపలేదు కదండీ."

"మరి ఆ ముగ్గురూ నా పీక తెంపితే ఫరవాలేదా?"

ఆవిడ మట్టిచేతులు చీరకు తుడుచుకుని, పెన్ను తీసుకుని వంకర అక్షరాలతో సంతకం పెట్టి ఇచ్చేసింది. ఆ అక్షరాలు చూడగానే ఆయనకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళలో ఒక్క అంకె కూడా మార్చి ఎరగడు. పర్మనెంటు ఉద్యోగం కోసం కట్టుకున్నదాని మీదే అబద్ధపు నింద వేస్తాడా? ఛీ! పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది.

"రానీ" అన్నాడు, గొంతు సవరించుకుంటూ. "ఆరో మడి తప్పింది, కారణం తెలీదని ఉన్నదున్నట్టు చెబుతాను. దానికేం? మిగతా అయిదు మళ్ళూ నిజం చెబుతున్నాయి. తొమ్మిదేళ్ళ నిజం! అది చాలు నాకు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీరు తిట్టనంటే ఒక మాట చెబుతాను."

"త్వరగా చెప్పు, వచ్చేస్తున్నారు."

"మొదటి ఎండాకాలం ఈ ఆరు మళ్ళూ కూడా ఎండిపోయాయని రెండు రోజులు భోజనం ముట్టలేదు మీరు. గుర్తుందా?"

"ఎందుకు లేదు? మొదట్లో వేళ్ళు పైపైనే ఉన్నాయి. తర్వాత లోతుకు దిగాయి, నిలదొక్కుకున్నాయి. అందుకే కదా అప్పట్నుంచి..."

"అందుకు కాదండీ" అంది ఆవిడ, తల వంచుకుని. "అప్పట్నుంచి మీరు పట్నం వెళ్ళే ప్రతి గురువారం ఈ ఆరు మళ్ళకూ బిందెలతో నీళ్ళు మోసి పోస్తున్నాను, నిన్న ఒళ్ళు కాలిపోతూ అయిదు మళ్ళకే మొయ్యగలిగాను."