కనిపించని కాంతి

ఆదోని బస్టాండు దాటగానే ఇందిరాబాయి ఒళ్లోని గ్రాఫు కాగితం గాలికి ఎగిరి ముందు సీటు కిందికి పోయింది.

పక్కన కూర్చున్న టోపీ పెద్దమనిషి వంగి తీశాడు. వెంటనే ఇవ్వలేదు. తల ఒక వైపుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏం సదువుతాండావమ్మా?"

బెంగుళూరులో పరిశోధన చేస్తున్నానని చెప్పింది. కంటికి కనిపించని లేజర్ కాంతిని గాజు మీదికి పంపితే, గాజూ గాలీ కలిసే చోట రవ్వంత ఆకుపచ్చ వెలుగు పుడుతుంది. దాన్ని కొలిస్తే గాజు పైపొర గుణం తెలుస్తుంది. అయితే ఆమెకు ఒకరోజు వచ్చిన కొలత ఇంకోరోజు రావడం లేదు. ఎందుకో అర్థం కాక, సెలవుల్లో కూడా ఆ కాగితాన్నే వెంట వేసుకుని తిరుగుతోంది.

ఇంత చెబితే ఆయన అడిగింది కొలతల గురించి కాదు.

"అద్దాలు సరిజేసేటప్పుడు కన్ను ఆ కాంతి ఎత్తుకు దించుతావా?"

కళ్లకు కాపుగా ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుంటే ఆ కాస్త వెలుగూ కనబడదని, ఒక్కోసారి తీసేసి వంగుతానని చెప్పింది.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఇంగెప్పుడూ అట్ల సేయనని నాకు మాటియ్యి."

ఇందిరాబాయికి ఏమీ పాలుపోలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి మాట ఎందుకివ్వాలి? చేయి విదిలించుకుని వెనక సీటుకు మారింది. ఎమ్మిగనూరులో ఆమె దిగాక ఆయన కిటికీలోంచి ఏదో చెప్పబోయాడు. వినకుండా వెళ్లిపోయింది. బస్సు నందవరం వైపు సాగింది.

సెలవులయ్యాక బెంగుళూరులో తన ప్రొఫెసర్ శ్రీపాదరావుకు ఈ సంగతి నవ్వుతూ చెప్పింది. ఆయన నవ్వలేదు.

"ఒక కన్ను కదలకుండా ఉండిందా?"

ఆలోచిస్తే అవుననిపించింది. పేరేమిటి, ఏ ఊరు, ఎక్కడ దిగాడు అని ఆయన అడుగుతూ పోయాడు. అవేవీ ఆమె కనుక్కోలేదు.

ఆ వారమే ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చారు. నందవరం దాకా ఊరూరా దిగి అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎవరు సార్ ఆయన?"

"మన ప్రయోగాన్ని మొదలుపెట్టినవాడు, జమాలుద్దీన్. ఆ లేజర్ తగిలి ఒక కన్ను పోయాక, ఆస్పత్రి నుంచే ఎటో వెళ్లిపోయాడు," అన్నాడు శ్రీపాదరావు. "ఆ రోజు నల్లద్దాలు తీసేసి వంగింది నేను, నన్ను పక్కకు తోసినవాడు అతను."