ఆగని మగ్గం

సినిమా సెట్ తాళం తీసి లోపల అడుగుపెట్టిన సుకన్య కొయ్యబారిపోయింది: మగ్గం మీది పడుగంతా అడ్డంగా కోసేసి ఉంది.

ఒక్క పోగు మిగల్లేదు. ఇంకో గంటలో సినిమాకు ప్రాణంలాంటి షాట్. మగ్గం బాధ్యత అసిస్టెంట్ డైరెక్టర్ సుకన్యదే. నిన్న సాయంత్రం రెండో తాళంచెవి ఆమె ఒక్కరికే ఇచ్చింది. మల్లవ్వకు.

సినిమా తీస్తున్నది నలభై ఏళ్ల కిందటి నిజం కథ. నెక్కొండ అవతల ఓ పల్లె. నేతగాడు వెంకటరాజం ఇంటి వెనక కొట్టంలో ముగ్గురు నక్సలైట్ అన్నలు తలదాచుకున్నారు. వాళ్లకు గుర్తు ఒక్కటే. మగ్గం చప్పుడు ఆగిందంటే పోలీసులొచ్చినట్టు, పారిపోవాలి.

ఆ పొద్దున పోలీసులొచ్చారు. మగ్గం ఆగలేదు. ముగ్గురూ కాల్పుల్లో పోయారు.

వారం తిరక్కుండా దళం వెంకటరాజాన్ని పట్టుకుంది. "ఎందుకు ఆపలేదు?" అని ఎంత గద్దించినా తల దించుకున్నాడే తప్ప పెదవి విప్పలేదు. ద్రోహి అని కాల్చేశారు.

ఆయన భార్యే మల్లవ్వ. "నా పెనిమిటి ద్రోహి కాడు" అని నలభై ఏళ్లుగా ఊరితో పోట్లాడుతూనే ఉంది. షూటింగ్ మొదలైనప్పటి నుంచి రోజూ వచ్చి హీరో హరీష్‌కు నేత నేర్పుతోంది.

"ఆడోళ్లు నూలు కండెలే చుడతరు గదా అవ్వా, నీకు మగ్గం ఎట్ల వచ్చు?" అని హరీష్ నిన్న ఆటపట్టించాడు.

"నా సంగతి నీకెందుకుగని, నువ్వు జర చూసి తొక్కు. దున్నపోతు లెక్క తొక్కుతానవ్!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే దర్శకుడు కృష్ణమోహన్ తేల్చేశాడు.

"ఊరంతా చెప్పేదే తీస్త అవ్వా. పోలీసులు లోపలికొస్తరు, వెంకటరాజం కావాల్నని నేస్తనే ఉంటడు. కాదంటవా, ఎందుకు ఆపలేదో చెప్పు."

మల్లవ్వ మగ్గం వైపు తిరిగింది. పడుగు నూలుకు గంజి పెట్టి పోతానని చెప్పి తాళంచెవి అడిగి తీసుకుంది.

ఇప్పుడామె సెట్ వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో కత్తెర. గుప్పిట్లో తెగిన పోగులు.

"ఎంత పని చేసినవ్ అవ్వా! సార్ నన్ను ఇంటికి పంపుతడు."

"నిన్నెందుకు పంపుతడు? నేనే కోసిన్నని చెప్పు."

సుకన్య కోపం ఆ ముఖం చూసేసరికి నీరుగారిపోయింది. పక్కనే కూలబడింది.

"కోస్తే ఏమైతది? రేపు ఇంకో పడుగు ఎక్కిస్తరు. సినిమా ఊరూరా ఆడుతది. తాతను లోకమంతా ద్రోహి అంటది. ఒక్క మాట చెప్పు అవ్వా, సార్ కాళ్లు పట్టుకోనన్న కథ మార్పిస్త. తాత మగ్గం ఎందుకు ఆపలే?"

మల్లవ్వ పోగుల్ని ఒక్కొక్కటే వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది. నలభై ఏళ్లు గొంతులో ఆపుకున్న మాట చివరికి బయటపడింది.

"ఆ పొద్దు మగ్గం మీద ఆయన లేడు బిడ్డా, 'నూలు తీస్కొని వస్త, నేనొచ్చేదాక ఆపకు' అని, ఎందుకో చెప్పకుండ నన్ను కూసోబెట్టి పోయిండు, పోలీసోళ్లను చూసి వణుక్కుంటగూడ నేను ఆపలే."